ఆపింది మూడింటిని, తిరిగింది నాలుగోది

రెండు బోర్ల నీళ్లు ఒకే పైపులో కలిపిన రైతును అడగండి. ఈ అధ్యాయంలో సగం ఆయనే చెప్పేస్తాడు. ఒక బోరు నీళ్లు చాలక పక్క చెలకలో ఇంకోటి వేయించి, రెండింటినీ ఒకే లైనుకు కలుపుతారు. రెండు మోటార్లూ నడుస్తున్నంతసేపు ఏ గొడవా లేదు. ఒకదాన్ని ఆపారనుకోండి. నడుస్తున్న బోరు ఎత్తిపోసిన నీళ్లు మడికి చేరాల్సింది పోయి, సగం దారిలో తిరుక్కుని ఆగిన బోరులోకి దిగిపోతాయి. ఆ దిగే నీళ్ల ఒత్తిడికి అడుగున ఉన్న పంపు వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. కరెంటు ఇవ్వని పంపు తిరుగుతుంది, ఇచ్చిన పంపు పొలానికి నీళ్లు ఇవ్వదు. అందుకే బోరు మూతి దగ్గర ఎన్‌ఆర్‌వి పెడతారు. అది నీళ్లను పైకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

ఇక్కడ తప్పు ఏ పంపుదీ కాదు. రెండూ మంచివే. తప్పంతా వాటిని కలిపిన చోట ఉంది. అదీ రెండూ నడుస్తున్నప్పుడు కనబడదు, రెండూ ఆగినప్పుడు కనబడదు, ఒకటి నడిచి ఒకటి ఆగినప్పుడే బయటపడుతుంది. కరెంటు తీగల్లోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే బోరు దగ్గర నష్టం నీళ్లతో పోతుంది, తీగల దగ్గర చెయ్యి పోవచ్చు.

బాయిల్డ్ రైసు మిల్లు ఒకటి ఊహించుకుందాం. మిర్యాలగూడ చుట్టుపక్కల చూస్తే ఊహ అక్కర్లేదు, రోడ్డు మీదికే కనబడతాయి. ఉడికిన వడ్లను ఆరబెట్టే డ్రయ్యరుకు వేడిగాలి కొట్టే బ్లోయర్లు నాలుగు. ఒక్కో బ్లోయర్ మోటారుకు ఒక్కో డ్రైవ్. మిల్లులో అందరూ డ్రైవ్ అనో వి.ఎఫ్.డి. అనో అంటారు. లైను నుంచి వచ్చే ఏసీని ముందు డీసీగా మార్చి, కెపాసిటర్లలో నిలవ చేసి, దాన్ని మళ్లీ ముక్కలు ముక్కలుగా కోసి మనకు కావలసిన ఫ్రీక్వెన్సీ ఉన్న ఏసీగా మోటారుకు పంపే పెట్టె అది. 50 హెర్ట్‌జ్ దగ్గర నిమిషానికి సుమారు 1500 చుట్లు తిరిగే నాలుగు పోల్స్ మోటారు 25 హెర్ట్‌జ్ ఇస్తే దాదాపు సగం వేగంతో తిరుగుతుంది. డ్రైవ్ గురించి ఇంకా చాలా చెప్పొచ్చు గానీ మనకిక్కడ దాని కండ బలంతో పని లేదు. దాని చెవితో పని.

డ్రైవ్‌కు చెవి అంటే కంట్రోల్ టెర్మినళ్ల వరస. సన్న తీగలు బిగించే చిన్న స్క్రూలు. అందులో ఒకదానికి "తిరుగు" అనే మాట వినబడితే మోటారు తిరుగుతుంది. ఆ మాట 24 వోల్టుల డీసీ రూపంలో వస్తుంది. లోపల ఒక నిరోధం, దాని వెనక ఆప్టోకప్లర్ అనే నల్లటి చిన్న ముక్క ఉంటాయి. ఆ ముక్కలో ఒకవైపు బుల్లి ఎల్‌ఈడీ దీపం, ఎదురుగా ఆ వెలుగును చూసే ట్రాన్సిస్టర్ ఉంటాయి. మధ్యలో తీగ లేదు. కరెంటు ఇవతలి గట్టునే ఆగిపోతుంది, వెలుగు ఒక్కటే దాటుతుంది. దీపం వెలిగితే "తిరుగు", ఆరితే "ఆగు". ఆ దీపానికి కావలసింది ఐదారు మిల్లీయాంపులు. సెల్‌ఫోన్ ఛార్జరు ఇచ్చే కరెంటులో వందో వంతు కూడా కాదు. ఇంత చిన్న కరెంటు ఎటు పోతే ఏమైందిలే అని అనిపించేది ఇక్కడే.

నాలుగు బ్లోయర్లూ కలిసి మొదలవ్వాలి, కలిసి ఆగాలి. అంటే ఒకే స్విచ్ చాలు. ప్యానెల్ కట్టేవాడికి వెంటనే తోచే పద్ధతి: నాలుగు డ్రైవుల "తిరుగు" టెర్మినళ్లను ఒక తీగతో కలిపి, నాలుగు "కామన్" టెర్మినళ్లను ఇంకో తీగతో కలిపి, ఈ రెండు తీగల మధ్య స్విచ్ పెట్టడం. స్విచ్ వేస్తే నాలుగూ తిరుగుతాయి, తీస్తే నాలుగూ ఆగుతాయి. పది సార్లు వేసి తీసి చూస్తారు. బాగానే ఉంది. బిల్లు చేతికొస్తుంది.

చాలా డ్రైవుల్లో ఈ 24 వోల్టులు డ్రైవే తయారు చేసుకుంటుంది. కరెంటు లోపలి ప్లస్ దగ్గర బయలుదేరి, దీపం గుండా, నిరోధం గుండా "తిరుగు" టెర్మినల్ దాకా వచ్చి, స్విచ్ కోసం కాచుకుని ఉంటుంది. స్విచ్ పడగానే కామన్‌కు చేరుతుంది. దీన్ని సింక్ పద్ధతి అంటారు, ఎన్.పి.ఎన్. అనీ అంటారు. జపాన్ వాళ్ల అలవాటు ఎక్కువగా ఇది. ప్లస్‌నే స్విచ్ గుండా బయటి నుంచి లోపలికి పంపడం సోర్స్ పద్ధతి, పి.ఎన్.పి. యూరప్ వాళ్లకు అది ఇష్టం. రెండు అలవాట్లకూ సరిపోవాలని చాలా డ్రైవుల ఇన్‌పుట్‌లలో అటొకటి ఇటొకటి రెండు దీపాలు పెడతారు. అంటే కరెంటు ఎటునుంచి వచ్చినా లోపలికి దారి ఉంది. ఎన్‌ఆర్‌వి లేని బోరన్న మాట.

ఇప్పుడు మిల్లులో సాయంత్రం. స్విచ్ తీసేశారు, నాలుగు బ్లోయర్లూ ఆగాయి. ఎలక్ట్రీషియన్ ప్యానెల్ దగ్గర నిలబడి డ్రైవుల ఎంసీబీలు ఒక్కొక్కటీ దించుతున్నాడు. నాలుగో బ్లోయర్ మూత విప్పి రెక్కలకు పట్టిన ఊక దుమ్ము గీకుతున్నాడు ఒక కుర్రాడు. దాని ఎంసీబీ ఇంకా దించలేదు, కానీ స్విచ్ తీసే ఉంది కదా అని వాడి ధైర్యం. మొదటి ఎంసీబీ దిగింది. ఏమీ కాలేదు. రెండోది దిగింది. ఏమీ కాలేదు. మూడోది దిగింది. నాలుగో బ్లోయర్ కదిలింది.

"అన్నా, బటన్ ఒత్తినవా?"

"నేనేడ ఒత్తిన్రా!"

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. జరిగింది లెక్క కట్టి చూడొచ్చు. ఒక్కో ఇన్‌పుట్ నిరోధం 4 కిలో ఓములు అనుకుందాం. 24 వోల్టులను దాంతో భాగిస్తే 6 మిల్లీయాంపులు, మామూలుగా ఉండే అంకె. ఎంసీబీ దించిన డ్రైవ్ లోపల ప్లస్ దగ్గర వోల్టేజీ ఉండదు. అది అక్కడున్న సర్క్యూట్ల గుండా కామన్‌కు దాదాపు అతుక్కున్నట్టే. ఇప్పుడు నడిచే డ్రైవ్ నుంచి బయలుదేరిన కరెంటుకు స్విచ్ తీసి ఉంటే ఏం? "తిరుగు" టెర్మినళ్లన్నీ కలిపిన తీగ ఉంది. దాని మీదుగా చచ్చిన డ్రైవ్ ఇన్‌పుట్‌లోకి వెనకనుంచి దూరి, దాని ప్లస్ మీదుగా దాని కామన్‌కు, అక్కణ్నుంచి తన సొంత కామన్‌కు చేరుతుంది. చుట్టు పూర్తయింది. స్విచ్ అక్కర్లేకుండానే.

ఒక డ్రైవ్ ఆగి మూడు నడుస్తుంటే, మూడింటి కరెంటూ ఆ ఒక్క ఇన్‌పుట్‌లోంచే పోవాలి. దారి ఇరుకు. లెక్క వేస్తే నడిచే ఒక్కో దాని ఇన్‌పుట్ మీద పడేది 6 వోల్టులే. రెండు ఆగి రెండు నడిస్తే సగం సగం, 12 వోల్టులు. మూడు ఆగి ఒకటే మిగిలితే దానికి మూడు దారులు ఒకేసారి తెరుచుకున్నట్టు, 18 వోల్టులు. పారిశ్రామిక కంట్రోలర్ల 24 వోల్టుల ఇన్‌పుట్‌లకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది: 5 వోల్టుల దాకా "లేదు" అనుకోవాలి, 15 దాటితే "ఉంది" అనుకోవాలి, మధ్యలో ఉన్నది ఎవరి అదృష్టం వారిది. డ్రైవుల ఇన్‌పుట్‌లూ ఇంచుమించు ఇదే తీరు. మన మిల్లులో మొదటి ఎంసీబీకి 6, రెండోదానికి 12, మూడోదానికి 18. భద్రత కోసం ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోయినకొద్దీ చివరిది లేవడానికి దగ్గరైంది.

నిజం డ్రైవుల్లో అంకెలు కొంత అటూ ఇటూ ఉంటాయి, చచ్చిన ప్లస్ అంత శుభ్రంగా కామన్‌కు అతుక్కోదు, కొన్నింటిలో ఇన్‌పుట్ ఒకే వైపు పనిచేస్తుంది కాబట్టి ఈ జబ్బే రాదు. అందుకే ఒక మిల్లులో ఇరవై ఏళ్లు నడిచిన వైరింగ్ పక్క మిల్లులో మొదటి వారమే మనిషి మీదికి వస్తుంది. "మేము ఎప్పుడూ ఇట్లనే కడ్తం, ఏం కాలె" అనే మాట అబద్ధం కాదు. కానీ రుజువు కూడా కాదు.

ఇలాంటి దొంగదారి ఒకసారి రాకెట్‌నే ఆపేసింది. 1960 నవంబర్ 21న అమెరికాలోని కేప్ కెనవరల్‌లో మెర్క్యురీ-రెడ్‌స్టోన్ అనే రాకెట్‌ను మనిషి లేకుండా పరీక్షకు ఎగరేశారు. ఇంజను అంటుకుంది, రాకెట్ సుమారు నాలుగు అంగుళాలు లేచింది, ఇంజను ఆరిపోయింది, రాకెట్ మెల్లగా తిరిగి తన పీట మీదే కూర్చుంది. ఆ తర్వాత జరిగింది నవ్వొచ్చేలా ఉంటుంది. పైనున్న క్యాప్సూల్‌ను ప్రమాదం నుంచి లాక్కుపోవాల్సిన చిన్న రాకెట్ బురుజు, క్యాప్సూల్‌ను వదిలేసి తానొక్కటే ఆకాశంలోకి ఎగిరిపోయింది. కాసేపటికి క్యాప్సూల్ నెత్తిమీంచి పారాచూట్లు బయటికొచ్చి పక్కకు వేలాడాయి. కింద ఇంధనం నిండా ఉన్న రాకెట్. గాలికి ఆ పారాచూట్లు నిండితే మొత్తం పక్కకు ఒరిగిపోతుంది. దగ్గరికి ఎవరూ పోలేరు. బ్యాటరీలు అయిపోయేదాకా, మర్నాటి దాకా కాచుకున్నారు.

కారణం రెండు తీగల కట్టలు ఊడిన క్రమం. నేలనుంచి రాకెట్‌కు కంట్రోల్ తీగ ఒకటి, పవర్ తీగ ఒకటి ఉండేవి. లేచేటప్పుడు కంట్రోల్ ముందు ఊడాలి, పవర్ తర్వాత ఊడాలి. ఆ రోజు పవర్ ముందు ఊడింది. రెండింటికీ తేడా 29 మిల్లీసెకన్లు. సెకనులో ముప్పయ్యో వంతు. ఆ కాస్త సేపు రాకెట్‌కు నేల దారి లేదు. నేలకు పోవాల్సిన మూడు యాంపుల కరెంటులో కొంత ఇంకో దారి వెతుక్కుంది. అది దొరికిన చోట ఇంజనును ఆపే రిలే ఉంది. ఇంజను "పని పూర్తయింది" అనుకుని ఆగింది. మిగతా పరికరాలన్నీ దాని మాట నమ్మి తమ తమ పనులు వరస ప్రకారం చేసేశాయి. ఆ మర్యాదే మొత్తం ప్రహసనానికి మూలం. తర్వాతి రాకెట్‌కు పెట్టిన మందు చాలా చవక: మిగతావన్నీ ఊడాక కూడా నేలను పట్టుకుని ఉండే ఒక అడుగు పొడవు ఎర్తింగు పట్టీ. డిసెంబర్ 19న అది సరిగ్గా ఎగిరింది. ఇలాంటి దారులను ముందే వెతికే పద్ధతిని ఆ దశాబ్దం చివరికి బోయింగ్ ఇంజనీర్లు నాసా కోసం ఒక శాస్త్రంగానే తయారు చేశారు.

రాకెట్లోనూ మిల్లులోనూ ఏ భాగమూ చెడిపోలేదు. ఏ తీగా తెగలేదు. డ్రాయింగ్‌లో గీసినట్టే అంతా బిగించి ఉంది. డ్రాయింగ్‌ను మనం ఎప్పుడూ అన్నీ ప్రాణంతో ఉన్నట్టే చదువుతాం, అదీ చిక్కు. నాలుగు డబ్బాలు గీసి మధ్యలో ఒక స్విచ్ గీస్తే, చూపు స్విచ్ మీదే ఉంటుంది. డబ్బాల్లో ఒకటి చచ్చి ఉంటే అది డబ్బా కాదు, తీగ. ఆ సంగతి కాగితం చెప్పదు.

మందులు చాలానే ఉన్నాయి. బోరు దగ్గర ఎన్‌ఆర్‌వి ఎంతో ఇక్కడ డయోడ్ అంత. ఒక్కో డ్రైవ్ "తిరుగు" టెర్మినల్ నుంచి ఉమ్మడి తీగకు వచ్చే దారిలో ఒక్కో డయోడ్ పెడితే, కరెంటు టెర్మినల్ నుంచి స్విచ్ వైపు పోగలదు, స్విచ్ వైపునుంచి ఇంకో టెర్మినల్లోకి దూరలేదు. సింక్ పద్ధతిలో దాని మీది తెల్లగీత స్విచ్ వైపుకు ఉండాలి. 1ఎన్4007 అడిగితే ఏ రేడియో రిపేరు కొట్టులోనైనా ఇస్తారు, రూపాయో రెండో. దాని మీద పోయేది 0.7 వోల్టులే. పనిచేస్తుంది. కానీ నాకు దీని మీద మనసు పోదు. తీగల మధ్య వేలాడే డయోడ్‌ను రెండేళ్ల తర్వాత వచ్చిన కొత్త మనిషి "ఇదేందిది" అని పీకేస్తాడు, లేదా తిప్పి బిగిస్తాడు.

రెండో మందు, సోర్స్ పద్ధతికి మారి, ఒకే బయటి 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ నుంచి అన్ని ఇన్‌పుట్‌లకూ ఇవ్వడం. ప్లస్ ఒకే చోట పుడుతుంది, స్విచ్ గుండా నలుగురికీ పోతుంది, ఉమ్మడి కామన్ గుండా తిరిగొస్తుంది. ఏ డ్రైవ్ చచ్చినా దాని లోపలి ప్లస్ ఈ చుట్టులో లేదు కాబట్టి దొంగదారి లేదు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. సింక్ పద్ధతిలో "తిరుగు" తీగ తొడుగు అరిగి ప్యానెల్ బాడీకి తగిలిందనుకోండి, కామన్ ఎర్తింగుకు కలిపి ఉంటే అది స్విచ్ వేసినట్టే. మోటారు తిరుగుతుంది. సోర్స్ పద్ధతిలో అదే తీగ తగిలితే స్విచ్ వేసినప్పుడు ఫ్యూజు పోతుంది, మోటారు తిరగదు. యంత్రాల విద్యుత్ భద్రతకు ఉన్న ఐ.ఇ.సి. 60204-1 ప్రమాణం గట్టిగా అడిగేది ఇదే: తీగ నేలకు తగిలితే యంత్రం దానంతటది లేవకూడదు. బయటి ఎస్‌ఎంపీఎస్ వద్దు, ఒక డ్రైవ్ లోపలి 24 వోల్టులతోనే నాలుగింటినీ నడిపిద్దాం అనే పిసినారితనం కూడా ఉంది. అది ఇవ్వగలిగేది సాధారణంగా 100 మిల్లీయాంపుల అటూ ఇటూ. నాలుగు ఇన్‌పుట్‌లకు 24 మిల్లీయాంపులు చాలు. రేపు ఎవరో ఇండికేటర్ దీపం, రిలే కాయిల్ కూడా దాని మెడకే తగిలిస్తారు. ఇక నాలుగు డ్రైవుల సొంత ప్లస్‌లను ఒకదానికొకటి కలపడం మాత్రం ఎప్పటికీ వద్దు. ఒకటి 24.3, ఒకటి 23.8 ఇస్తుంటే ఒకదాని భారం ఇంకోటి మోస్తుంది. ఒకటి చస్తే మిగతా మూడు దానికి ప్రాణం పోయాలని చూస్తాయి.

నేను ఎంచుకునేది మూడోది. ఒక రిలే. నాలుగు జతల కాంటాక్టులున్న ప్లగ్-ఇన్ రిలే, పద్నాలుగు కాళ్లది, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా ఉంటుంది. స్విచ్ రిలే కాయిల్‌ను లాగుతుంది. ఒక్కో జత కాంటాక్టు ఒక్కో డ్రైవ్‌కు, తన టెర్మినల్, తన కామన్, తన తీగలు. నాలుగు డ్రైవుల మధ్య తీగ అనేదే లేదు. ఒకే మాటను నలుగురి చెవిలో వేరువేరుగా చెప్పినట్టు. ఒకటి సింక్, ఒకటి సోర్స్, ఒకటి వేరే కంపెనీది అయినా పట్టింపు లేదు. కొత్తగా వచ్చినవాడికి చూడగానే అర్థమవుతుంది. చూడగానే అర్థం కావడం కూడా ఒక రక్షణే. రిలేకు కరెంటు పోతే నాలుగూ ఆగుతాయి తప్ప నాలుగూ తిరగవు. ఒక్క జాగ్రత్త: పెద్ద కరెంట్లు తెంచడానికి చేసిన మొరటు కాంటాక్టు మీద తుప్పు పొర ఏర్పడితే, 6 మిల్లీయాంపుల బక్క కరెంటు దాన్ని చీల్చుకుని పోలేదు. మిల్లు దుమ్ములో మరీను. చిన్న సంకేతాలకు బంగారు పూత కాంటాక్టులున్న రిలే తీసుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లే కాదు, ప్యానెల్ కూడా కాస్త బంగారం అడుగుతుంది.

మిల్లు అంటే వడ్లు, వడ్లంటే ఎలుకలు. ఎలుకలకు తీగల తొడుగు కొరకడం ఇష్టం. కాబట్టి తీగ ఎప్పుడో తెగుతుందనే లెక్కలోనే పని మొదలుపెట్టాలి. తెగినప్పుడు ఏం జరగాలో ముందే తేల్చుకోవాలి. స్టార్టు బటన్ నొక్కితే కలిసే రకం, ఎన్.ఓ. స్టాపు బటన్ నొక్కితే విడిపోయే రకం, ఎన్.సి. స్టాపు తీగలో ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉంటుంది, నొక్కితే ఆగుతుంది, ఎలుక కొరికినా ఆగుతుంది. అంటే తెగిన తీగా "ఆగు" అనే చెప్తుంది. దీన్ని తిరగేసి, నొక్కితే కలిసే బటన్‌ను స్టాపుకు పెట్టిన ప్యానెళ్లు ఉన్నాయి. అవీ పనిచేస్తాయి, ఎలుక వచ్చేదాకా. నాలుగు మోటార్లకు ఉమ్మడి స్టాపు అయితే ఎలుక ఒకటే, ఆగని మోటార్లు నాలుగు.

కరెంటు పోయి వచ్చినప్పటి కథ వేరు. స్విచ్ వేసే ఉంది, లైను పోయింది, అరగంటకు వచ్చింది. డ్రైవులు లేచి చూస్తే "తిరుగు" అనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. కొన్ని తిరగడం మొదలుపెడతాయి. పొలం దగ్గర స్టార్టరు డబ్బాకు ఈ సమస్య లేదు. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ పట్టుకుంటుంది, లైను పోగానే వదిలేస్తుంది, మళ్లీ ఎవరో వచ్చి నొక్కాలి. రాత్రి రెండింటికి వచ్చే కరెంటు కోసం పొలానికి ఎవరు పోతారు? దాన్నుంచి తప్పించుకోవడానికే ఆటో స్టార్టర్లు పుట్టాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను పదే పదే అడిగింది. అప్పుడు బెంగ భూగర్భజలం గురించి, లైను వచ్చీరాగానే మోటార్లన్నీ ఒక్కసారి మీద పడటం గురించి. మిల్లులో బెంగ మనిషి గురించి. కరెంటు లేని అరగంటలోనే కదా ఎవరో ఒకరు "ఎట్లాగూ ఆగే ఉంది" అని మూత విప్పేది. వేసి వదిలే ఒక్క స్విచ్ బదులు, నొక్కి వదిలే స్టార్టు, స్టాపు రెండు బటన్లు పెట్టి, ఇంకో చిన్న రిలే తన కాంటాక్టుతో తనను తానే పట్టుకుని, మరో కాంటాక్టుతో ఆ నాలుగు జతల రిలేను లాగేలా కడితే ఆ పాత స్టార్టరు డబ్బా తెలివి తిరిగొస్తుంది. లైను పోతే రిలే పడిపోతుంది. నాలుగు డ్రైవులూ నోరు మూసుకుని ఉంటాయి.

వేగం కూడా ఒకే నాబ్‌తో మార్చాలని అడుగుతారు ఓనర్లు. న్యాయమైన కోరికే. నాబ్ అంటే 10 కిలో ఓముల పొటెన్షియోమీటర్, సున్నా నుంచి 10 వోల్టులు ఇస్తుంది, 10 వోల్టులంటే 50 హెర్ట్‌జ్. ఒక డ్రైవ్‌కు బాగానే ఉంటుంది. ఒక్కో డ్రైవ్ అనలాగ్ ఇన్‌పుట్ నిరోధం 20 కిలో ఓములనుకుంటే, నాలుగు కలిపితే 5 కిలో ఓములు. నాబ్ సరిగ్గా సగంలో పెట్టి చూడండి. 5 వోల్టులు రావాలి, 3.3 వస్తాయి. 25 హెర్ట్‌జ్ అడిగితే పదహారున్నర దగ్గర తిరుగుతాయి. సున్నా దగ్గర, చివర దగ్గర సరిగ్గానే ఉంటుంది, మధ్యలోనే మాట తప్పుతుంది. ఇదేమీ మనుషుల్ని చంపదు గానీ, డ్రయ్యరులో వడ్లు ఎందుకు సరిగ్గా ఆరడం లేదో మిల్లువాడికి నెల రోజులు అర్థం కాదు. దూరం ఎక్కువైతే వోల్టులు మానేసి 4 నుంచి 20 మిల్లీయాంపుల కరెంటును నాలుగు డ్రైవుల గుండా వరసగా పంపొచ్చు. వరసలో పారే కరెంటు అందరికీ ఒకటే. కాకపోతే అనలాగ్ కామన్‌లు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉండాలి, లేదా మధ్యలో ఐసోలేటర్లు పెట్టాలి. సున్నాకు బదులు 4 దగ్గర మొదలు పెట్టడం కూడా ఎలుక కోసమే: 4 వస్తే "ఆగు", ఏమీ రాకపోతే "తీగ తెగింది".

ఎర్రటి పుట్టగొడుగు బటన్‌ను చివరికి దాచాను. పసుపు మీద ఎరుపు, ఎమర్జెన్సీ స్టాప్. దాన్ని కూడా "తిరుగు" తీగలోనే వరసగా కట్టేసి చేతులు దులుపుకోవడం మామూలు. డ్రైవ్ లోపలి ప్రోగ్రాం సరిగ్గా ఉన్నంతసేపు అది ఆగుతుంది. సరిగ్గా లేనప్పుడే కదా ఎమర్జెన్సీ వచ్చేది. అందుకే కొత్త డ్రైవుల్లో ఎస్.టి.ఓ. అనే వేరే ఇన్‌పుట్‌లు ఉంటాయి, ప్రోగ్రాంతో సంబంధం లేకుండా మోటారును తిప్పే శక్తిని కోసేస్తాయి. సాధారణంగా రెండు దారులు, ఒకటి చెడినా ఇంకోటి కోస్తుంది. సేఫ్టీ రిలే ఒకటి పెట్టి దాని కాంటాక్టుల నుంచి నాలుగు డ్రైవుల ఎస్.టి.ఓ.లకు 24 వోల్టులు ఇస్తారు. 24 ఉంటే తిరగొచ్చు, పోతే ఆగాలి.

ఇందులో ఒక గొయ్యి ఉంది. ఎస్.టి.ఓ. వాడనివాళ్లకు ఇబ్బంది లేకుండా చాలా డ్రైవులు ఫ్యాక్టరీ నుంచే ఒక బుల్లి జంపరుతో వస్తాయి. డ్రైవ్ సొంత 24ను దాని ఎస్.టి.ఓ.కు కలిపే చిన్న లోహపు ముక్క. తీగలు బిగించేటప్పుడు దాన్ని తీసేయాలి. నాలుగింట్లో ఒకదానికి మర్చిపోయారనుకోండి. ఎర్ర బటన్ నొక్కితే సేఫ్టీ రిలే తెరుచుకుంటుంది, బయటి 24 పోతుంది. కానీ మర్చిపోయిన డ్రైవ్ తన సొంత 24ను ఉమ్మడి ఎస్.టి.ఓ. తీగలోకి వదులుతూనే ఉంటుంది, అది మిగతా మూడింటికీ పోతుంది. ఒక్కటి కూడా ఆగదు. గోరంత జంపరు ఒకటి, నాలుగు మోటార్ల ఎమర్జెన్సీని మింగేస్తుంది. నాలుగు ఎస్.టి.ఓ.లకు నాలుగు వేరువేరు కాంటాక్టులు ఇచ్చి ఉంటే ఆ పాపం ఆ ఒక్క డ్రైవ్‌తోనే పోయేది.

ఎస్.టి.ఓ. కోసేది తిప్పే బలాన్ని, కరెంటును కాదు. మోటారు టెర్మినళ్లు ముట్టుకోవాలంటే ఎంసీబీ దించి తాళం వేయాల్సిందే. దించాక కూడా వెంటనే మూత తీయకూడదు. 415 వోల్టుల లైను డ్రైవ్ లోపల డీసీగా మారితే 587 వోల్టులు. ఆ కెపాసిటర్లు ఖాళీ అవడానికి ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది.

ఇక పరీక్ష. నాలుగు డ్రైవులంటే ఒక్కోటి బతికున్నా చచ్చినా రెండు రకాలు, మొత్తం పదహారు స్థితులు. స్విచ్ వేసి పదహారు, తీసి పదహారు. మోటారు తీగలు విప్పి పెట్టి, ఎంసీబీలు ఒక్కో వరసలో దించుతూ, ఏ డ్రైవ్ తిరుగుతున్నానని చూపిస్తోందో కాగితం మీద రాసుకోవాలి. గంట పడుతుంది. ప్యానెల్ కట్టినవాడు మామూలుగా వాటిలో రెండే చూస్తాడు, అన్నీ బతికుండగా స్విచ్ వేసి ఒకసారి, తీసి ఒకసారి.

మోటార్లు విప్పే తీరిక లేని పాత మిల్లయితే కనీసం ఒకటి చేయొచ్చు. డ్రయ్యరు దగ్గర మనుషులెవరూ లేకుండా చూసి, స్విచ్ తీసి, మూడు ఎంసీబీలు దించి, నాలుగో డ్రైవ్ ప్లస్‌కూ "తిరుగు" టెర్మినల్‌కూ మధ్య మీటరు పెట్టండి. సింక్ పద్ధతిలో కట్టి ఉంటే అక్కడ సున్నా చూపాలి. 18 చూపితే, ఆ నాలుగోది కూడా దించి తాళం వేసి, తీగలు విప్పడం మొదలుపెట్టండి.